మొరం బాటకు ఏ ట్రాక్టర్? హెచ్‌పీ కన్నా ముందు చూడాల్సినవి ఇవీ

నిజామాబాద్: వానాకాలం వడ్లు కోతకు వచ్చే వేళకు బోధన్, వర్ని, రుద్రూర్, కోటగిరి వైపు చాలా ఊర్లలో ఒకటే తక్రారు. పంట చేతికి వచ్చింది, కానీ బాట లేదు. నిరుడు పోసిన మొరం వానకు కొట్టుకుపోయి, గుంతల్లో నీళ్లు నిలిచి, నిండు ట్రాలీ ఇరుసు దాకా దిగబడుతుంది. దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టర్, ఆ రెండోది కూడా దిగబడితే జేసీబీ. అప్పటికే వడ్లు తడిసిపోతాయి.

అందుకే ఈ మధ్య పది ఇరవై ఎకరాల రైతులు, ఇటుక బట్టీల వాళ్లు, కోళ్ల ఫారాలు, రైస్ మిల్లులు నడిపేవాళ్లు "బాట మనమే చూసుకుందాం" అనుకుంటున్నారు. ఆ మాట వెంటే వచ్చే ప్రశ్న, ఏ ట్రాక్టర్ కొనాలి? షోరూంకు పోతే మొదట వినిపించేది హెచ్‌పీ. బాట పనికి మాత్రం హెచ్‌పీ వంతు నాలుగోది. ముందు చూడాల్సినవి బండి బరువు, లిఫ్ట్, లో గేర్. వీటన్నిటికన్నా ముందు వేసుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంది: అసలు కొనాలా, కిరాయికి తెచ్చుకుంటే సరిపోతుందా?

ఈ ప్రాంతంలో బాట ఎందుకు నిలవదు?

మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టిన ఈ డ్యాం ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోకి వస్తుంది. దాని కాలువ నీళ్లు బాన్సువాడ, వర్ని, బోధన్ దాకా పారతాయి. ఆ నీళ్ల మీదే చెరుకు పెరిగింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది, వరి పెరిగింది.

బాట విషయంలో ఈ మార్పు చిన్నదేమీ కాదు. చెరుకు ఎక్కువగా చలికాలం, ఎండాకాలంలో కొట్టి తోలేవాళ్లు, అప్పటికి బాట గట్టిపడి ఉండేది. వరి అట్లా కాదు. వానాకాలం కోతలు అక్టోబర్, నవంబర్‌లో, ఇంకా నేల తడి ఆరకముందే వస్తాయి. ఒకే వారంలో హార్వెస్టర్, ట్రాలీలు, లారీలు అన్నీ ఆ సన్న బాట మీదే నడవాలి. పక్కన పొలంలో నీళ్లు, అటు పక్కన పిల్ల కాలువ, బాట మాత్రం రెండింటి మధ్యలో.

రెండో కారణం నేల. బోధన్ చుట్టుపక్కల చాలా చోట్ల నల్ల రేగడి. తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా మొరం పోస్తే రెండు వానలకు మొరం కిందికి దిగి, రేగడి పైకి వస్తుంది. చెల్క నేలల్లో ఈ బాధ తక్కువ. అక్కడ బాటను చెడగొట్టేది వాలు వెంట పారే నీళ్లు.

మూడోది కేజ్ వీల్స్. దమ్ము చేసి అవే ఇనుప చక్రాలతో బాట మీదికి వస్తే, ఏడాది పాటు చేసిన పని ఒక్క పూటలో పోతుంది. తారు రోడ్డెక్కితే జరిమానా కూడా పడుతుంది. ఊరి బాటకు పోలీసులు రారు కాబట్టి ఆ కట్టుబాటు ఊరే పెట్టుకోవాలి.

బాట మరమ్మతు అంటే ఏం పని?

ట్రాక్టర్ సంగతికి ముందు అది చేయాల్సిన పనేమిటో తెలియాలి. మొరం బాటను కాపాడేది నడుమ ఎత్తు, పక్కన కాలువ. నడుమ ఎత్తుగా, రెండు పక్కలకు వాలుగా ఉంటే పడ్డ నీళ్లు పడ్డట్టే దిగిపోతాయి. నూటికి 4 వంతుల వాలు ఉండాలని లెక్క. అంటే 12 అడుగుల బాటకు నడుమ భాగం అంచుల కన్నా 3 అంగుళాలు ఎత్తుండాలి. ఆ 3 అంగుళాలు పోతే నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిచిన చోట టైరు పడితే గుంత, ఆ గుంతలో మళ్లీ నీళ్లు.

చాలామంది గుంతలో ఒక తట్ట మొరం పోసి తొక్కిస్తారు. అది పది రోజులు కూడా ఉండదు. కొత్త మొరానికీ కింది గట్టి నేలకూ అతుకు ఉండదు, టైరు తగలగానే ఎగిరిపోతుంది. సరైన పద్ధతి వేరే. గుంత ఎంత లోతుందో అంత లోతు వరకు చుట్టూ గీరాలి, వదులైన మొరాన్ని లాగి సమం చేయాలి, నడుమకు ఎత్తు తేవాలి, తడి ఉండగానే తొక్కించాలి. బాట మీద అడ్డంగా అలలు పడి బండి గడగడలాడుతుంటే దానికీ ఇదే మందు.

కాబట్టి ట్రాక్టర్ చేయాల్సిన పనులు నాలుగు: గీరడం, లాగడం, వాలు తీయడం, తొక్కించడం. నాలుగూ నిదానంగా చేసేవే.

బరువు ముందు, హెచ్‌పీ తర్వాత

ఒక చిన్న లెక్క చూద్దాం. దాదాపు 2,000 కిలోల ట్రాక్టర్ అనుకుంటే, అందులో 1,300 కిలోల దాకా వెనక టైర్ల మీద ఉంటుంది. ఎండిన మొరం మీద టైరు పట్టు ఆ బరువులో సుమారు సగం. అంటే ఆ బండి గట్టిగా లాగగలిగేది 650 కిలోలు. అంతకు మించితే టైరు అక్కడే తిరుగుతుంది, బాట ఇంకా చెడుతుంది. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో 650 కిలోలు లాగడానికి కావాల్సిన శక్తి 10 హెచ్‌పీ లోపే. గేర్లలో, టైర్లలో పోయేది కలుపుకున్నా 20 దాటదు.

ఈ లెక్క చెప్పేదేమిటంటే, 45 హెచ్‌పీ బండిలో సగం శక్తి కూడా బాట పనికి వాడుకోలేము. పట్టు ఇచ్చేది బరువు. అందుకే ఒకే హెచ్‌పీలో రెండు బండ్లు ఉంటే బరువైనది మేలు. బరువు చాలకపోతే వెనక చక్రాలకు ఇనుప వెయిట్లు బిగించవచ్చు, టైర్లలో నీళ్లు నింపించవచ్చు. ఇంజిన్ మార్చడం కన్నా ఇది చాలా చవక. వెనక పనిముట్టు బరువుతో ముందు టైర్లు తేలితే స్టీరింగ్ చేతికి రాదు కాబట్టి ముందు బంపర్ వెయిట్లు తీసేయొద్దు.

టూవీలా, ఫోర్‌వీలా?

అదే బరువులో ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి పట్టు ఎక్కువ, ఎందుకంటే ముందు టైర్ల మీది బరువు కూడా లాగడానికి పనికొస్తుంది. రేగడి నేలలో, కాలువ పక్క తడి బాటల మీద తేడా బాగా తెలుస్తుంది. వరి దమ్ము కూడా అదే బండితో చేసేవాళ్లకు ఫోర్‌వీల్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. చెల్క నేల, ఎండిన బాట, ట్రాలీ పనే ఎక్కువైతే టూవీల్ చాలు. ఎండిన గట్టి బాట మీద ఫోర్‌వీల్ లివర్ వేసుకుని పొద్దంతా తిప్పితే ముందు టైర్లు త్వరగా అరుగుతాయి.

లిఫ్ట్, గేర్లు చూసి తీసుకోవాలి

లిఫ్ట్: అయిదారు అడుగుల లెవెలర్ 250, 300 కిలోలు ఉంటుంది, మొరం నిండితే ఇంకా పెరుగుతుంది. 1,000 కిలోల పైన లిఫ్ట్ ఉన్న ఏ బండైనా దీన్ని మోస్తుంది. లిఫ్ట్ శక్తి కన్నా ముఖ్యం, అది పెట్టిన చోట నిలుస్తుందా అన్నది. పొజిషన్ కంట్రోల్ లివర్‌ను ఒక గీత కదిపితే బ్లేడ్ అర అంగుళం దిగి అక్కడే ఆగాలి. దున్నేటప్పుడు వాడే డ్రాఫ్ట్ కంట్రోల్ బాట పనికి పనికిరాదు. నేల గట్టిపడగానే అది బ్లేడ్‌ను పైకి లేపేస్తుంది, బాట అలలు అలలుగా వస్తుంది. కొనేముందు షోరూం ఆవరణలోనే బ్లేడ్ తగిలించి చూపించమని అడగాలి.

గేర్లు: గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల మధ్య ఇంజిన్ ఇబ్బంది పడకుండా నడిచే లో గేర్ కావాలి. ఆ వేగం దాటితే బ్లేడ్ ఎగురుతుంది. ముందుకు వెనక్కు మాటిమాటికీ పోవాలి కాబట్టి రివర్స్ గేర్ సులువుగా పడాలి, క్లచ్ బరువుగా ఉండకూడదు. పవర్ స్టీరింగ్, ఆయిల్ బ్రేకులు ఉంటే సన్న బాటలో, కాలువ అంచున డ్రైవర్‌కు భరోసా.

పీటీవోతో బాటకు పనిలేదు. రోటవేటర్ ఉంది కదా అని మొరం మీద తిప్పితే బ్లేడ్లు అరిగిపోతాయి, రాయి ఎగిరి మనిషికి తగలొచ్చు, కింది రేగడి పైకి వచ్చి మొరంలో కలుస్తుంది.

ఎవరికి ఏ సైజు?

15 నుంచి 28 హెచ్‌పీ మినీ ట్రాక్టర్లు: ఇంటి ముందు బాట, మామిడి తోట, కోళ్ల ఫారం, బడి ఆవరణ, ఈద్గా, ఖబ్రస్తాన్, గుడి దారి లాంటి సన్న, చిన్న బాటలకు ఇవి చాలు. స్వరాజ్ 717, మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్ ఈ తరగతివి. సన్న సందులో తిరుగుతాయి. బరువు తక్కువ కాబట్టి నాలుగడుగుల బ్లేడ్‌కు మించి తగిలించొద్దు. ఫోర్‌వీల్ ఉన్న మోడల్ అయితేనే మేలు. నిండు మొరం ట్రాలీ లాగడానికి ఇవి నమ్మదగినవి కావు. లాగడం ఒక ఎత్తు, 5 టన్నుల ట్రాలీని వాలులో ఆపడం ఇంకో ఎత్తు.

35 నుంచి 45 హెచ్‌పీ: పది ఇరవై ఎకరాల పొలం, అర కిలోమీటరు నుంచి కిలోమీటరు బాట ఉన్నవాళ్లకు సరైన తరగతి ఇదే. మాసీ ఫెర్గూసన్ 1035, 241, స్వరాజ్ 735, మహీంద్రా 575, కుబోటా ఎంయూ 4501 ఈ చుట్టుపక్కలవి. ఆరడుగుల బ్లేడ్, నూరు ఘనపుటడుగుల ట్రాలీ రెండింటికీ సరిపోతాయి. సర్వీసు, స్పేర్లు దగ్గర్లో దొరికే బండినే తీసుకోవాలి. కోతల్లో ఒక పార్టు కోసం మూడు రోజులు ఆగితే, అప్పటిదాకా ఆ బండితో మిగిలిన డబ్బు ఆ మూడు రోజుల్లోనే పోతుంది.

50 హెచ్‌పీ, ఆ పైన: ఫోర్‌వీల్ దమ్ము, పెద్ద రోటవేటర్, లేజర్ లెవెలర్, కిరాయి పని ఉన్నవాళ్లకు. బాట ఒక్కదాని కోసం ఈ సైజు తీసుకుంటే ఎక్కువ డీజిల్, ఎక్కువ కిస్తీ తప్ప లాభం లేదు.

బ్లేడా, డబ్బా లెవెలరా?

బాట బాగుపడేది ట్రాక్టర్ కన్నా వెనక తగిలించే పనిముట్టుతోనే. రెండు రకాలున్నాయి.

వెనక బ్లేడ్: అటూ ఇటూ తిప్పుకునే పలక. అంచుకు పోయిన మొరాన్ని నడుమకు తేవడానికి, పక్క కాలువ తీయడానికి ఇదే కావాలి. బ్లేడ్ వెడల్పు వెనక టైర్ల బయటి కొలత కన్నా తక్కువ ఉండకూడదు. ఒక విషయం మరిచిపోవద్దు, బ్లేడ్‌ను ఏటవాలుగా తిప్పితే వెడల్పు తగ్గుతుంది. 6 అడుగుల బ్లేడ్ 30 డిగ్రీలు తిప్పితే కప్పేది 5 అడుగుల 2 అంగుళాలే. అందుకే మధ్యరకం బండికి 6 నుంచి 7 అడుగులు తీసుకోవాలి.

డబ్బా లెవెలర్: మూడు పక్కలా గోడలు, ముందు గీరే పళ్లు ఉంటాయి. పళ్లు గట్టి బాటను గీరుతాయి, డబ్బా మొరాన్ని మోసుకుపోయి గుంతల్లో దించుతుంది. కొత్త చేతికి ఇదే సులువు. కానీ నడుమ ఎత్తు తీయడం దీనితో కొంచెం కష్టం. లింకేజీలో ఒక పక్క పొడుగు తగ్గించి, వాలుగా పట్టి, అటొకసారి ఇటొకసారి నడపాలి.

ఒకటే కొనగలిగితే గుంతలు ఎక్కువున్న చోట డబ్బా, నీళ్లు పారే వాలు బాటలకు బ్లేడ్. ఇంట్లో ఉన్న కల్టివేటర్‌ను గీరడానికి వాడుకోవచ్చు, అయితే 3 అంగుళాలు మించి దిగనియ్యొద్దు. రెండు పనిముట్లూ స్థానిక వర్క్‌షాపుల్లో చేయించుకోవచ్చు. కింది కోత పట్టీ వెల్డింగ్ చేసినది కాకుండా బోల్టులతో బిగించినది అడగండి, అరిగితే పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఎప్పుడు, ఎట్లా చేయాలి?

ఎండిన బాటను గీరితే దుమ్ము లేస్తుంది తప్ప మొరం అతుక్కోదు. బురదలో చేస్తే టైరు గాళ్లు పడతాయి. పిడికిట్లో మొరం పట్టి నొక్కితే ముద్దవ్వాలి, చేతికి అంటుకోకూడదు. అదే సరైన తడి. ఏడాదికి రెండు విడతలు చాలు. మొదటిది తొలకరి జల్లులు పడ్డాక, రెండోది వానలు వెనకపట్టి కోతలు మొదలయ్యే ముందు.

మొదట పక్క కాలువ, బాట కింది సిమెంటు పైపులు శుభ్రం చేయాలి. తర్వాత గుంతల లోతు వరకు గీరాలి. అంచుల నుంచి నడుమకు లాగాలి. చివరగా నిండు ట్రాలీతో, ప్రతిసారీ ఒక టైరు వెడల్పు జరుపుకుంటూ, అంచు నుంచి నడుమకు తొక్కించాలి. అదే గాళ్లలో మళ్లీ మళ్లీ నడిపితే అది తొక్కించడం కాదు, కొత్త గాళ్లు వేయడం.

మొరం లెక్క కూడా చూడండి. 100 మీటర్ల పొడవు, 10 అడుగుల వెడల్పు బాటకు తొక్కించాక 4 అంగుళాల మందం కావాలంటే, వదులు మొరం సుమారు 1,370 ఘనపుటడుగులు పడుతుంది. ట్రాలీకి 100 చొప్పున 14 ట్రిప్పులు. మొరంలో రాయి, ఇసుక, కాస్త బంక మన్ను మూడూ ఉండాలి. మన్ను ఎక్కువైతే వానకు జారుతుంది, అసలు లేకపోతే రాళ్లు విడివిడిగా దొర్లుతాయి. రేగడి మీద అయితే ముందు పెద్ద కంకర పరిచి, దాని మీద మొరం పోయాలి. మొరం తవ్వడానికి, తోలడానికి అనుమతి రసీదు ఉండాలి. లేకుంటే ట్రాక్టర్ సీజ్ అవుతుంది, అప్పుడు బాటా పోయె, బండీ పోయె.

కొనాలా, కిరాయికి తేవాలా?

అర కిలోమీటరు బాట. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో ఒక్కసారి ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి ఏడున్నర నిమిషాలు. ఎనిమిది సార్లు నడిస్తే గంట. మలుపులు, సర్దుబాట్లు కలిపితే గంటన్నర, రెండు గంటలు. ఏడాదికి రెండు విడతలు అంటే 4 గంటల పని.

ఇప్పుడు అటు పక్క లెక్క. ఉదాహరణకు 6 లక్షల అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆరు నెలలకో కిస్తీ చొప్పున అయిదేళ్లు అనుకోండి. ఒక్కో కిస్తీ దాదాపు 81,500. మొత్తం కట్టేది 8 లక్షల 15 వేలు, అందులో వడ్డీ 2 లక్షల 15 వేలు. ఏడాదికి 4 గంటల పని కోసం ఈ భారం ఎత్తుకోవడంలో అర్థం లేదు. ట్రాక్టర్‌ను పొలం పనికి, ట్రాలీ పనికి లెక్కేసి కొనాలి, బాట దానికి అదనపు పని కావాలి. ఆ లెక్క కుదరకపోతే నలుగురైదుగురు రైతులు కలిసి ఒక బ్లేడ్ చేయించుకుని, ట్రాక్టర్‌ను గంట కిరాయికి పెట్టుకోవడం మంచిది. బ్లేడ్‌కు డీజిల్ అక్కర్లేదు, కిస్తీ ఉండదు, పదేళ్లు పడి ఉంటుంది.

కొనేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్ తీసుకునేటప్పుడు ధర, జీఎస్టీ, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, పనిముట్ల ఖర్చు విడివిడిగా రాయించుకోండి. "అంతా కలిపి ఇంత" అన్న మాట మీద సంతకం పెట్టొద్దు.

పాత బండి అయితే

బాట పనికి పాత ట్రాక్టర్ మంచి బేరమే, కొన్ని పరీక్షలు చేసుకుంటే. బరువైన పనిముట్టు ఎత్తి ఇంజిన్ ఆపేయండి. పది నిమిషాల్లో అది బాగా కిందికి దిగిపోతే హైడ్రాలిక్ పని ఉన్నట్టు. లో గేర్‌లో లోడుతో నడిపి గేరు జారుతుందా చూడండి. టైర్ల పక్క గోడల్లో పగుళ్లు చూడండి, వెనక టైర్ల జత మార్చాలంటే ఖర్చు తక్కువేమీ కాదు. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరినట్టు కాగితం ఇచ్చేదాకా పైసలు పూర్తిగా చేతికి ఇవ్వొద్దు.

ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. వ్యవసాయం కింద రిజిస్టర్ అయిన బండిని కిరాయికి మొరం తోలడానికి వాడితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. ట్రాలీలో కూలీలను ఎక్కించొద్దు. కాలువ అంచున బ్లేడ్ పని చేసేటప్పుడు బండి మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోనియ్యొద్దు, పిల్లలనైతే అసలే వద్దు. అంచు మెత్తబడి ఒక చక్రం జారితే ట్రాక్టర్ బోల్తా పడడానికి క్షణం చాలు.

చివరగా, షోరూంకు పోయే ముందు ఒక పని చేయండి. గట్టి వాన పడ్డ మరుసటి పొద్దున బాట వెంట నడిచి, నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో గుర్తు పెట్టుకోండి. కొన్ని చోట్లే నిలిస్తే రెండు పైపులు, ఒక కాలువ, ఒక పూట కిరాయి బ్లేడ్‌తో పని అయిపోతుంది. బాట పొడవునా నిలిస్తే నడుమ ఎత్తు పోయినట్టు, అప్పుడు బ్లేడ్, మొరం రెండూ కావాలి. ట్రాక్టర్ సంగతి ఆ తర్వాత.